4డి9 చూసేదీ, చూడలేనిదీ

అందరికీ నమస్కారం. నా చేతిలో ఉన్న ఈ చిన్న గొట్టం వెనక వరసల వాళ్లకు కనిపించకపోవచ్చు. అడుగున నీళ్లలాంటి ద్రవం నాలుగు చుక్కలుంది. పేరు 4డి9. నా పరిశోధన సగం దీని పుణ్యమే కాబట్టి కాస్త మురిపెంగా మాట్లాడితే సర్దుకోండి.

ఇది ఎలుక తయారు చేసిన యాంటీబాడీ. మన ఒంట్లో రోగక్రిములను పట్టేవాటి జాతే కానీ, దీనికి వైద్యంతో పని లేదు. ఎన్‌గ్రేల్డ్ అనే ప్రోటీన్ పిండంలో ఏ కణాల్లో ఉందో పట్టి చూపించడమే దీని కొలువు.

ఎన్‌గ్రేల్డ్ కథ 1929లో మొదలైంది. వీపు మీద గాడి పడిన ఒక పండ్లీగ దొరికింది. అంచు నొక్కులు నొక్కులుగా ఉంటే ఐరోపా వంశచిహ్నాల భాషలో వాడే మాటనే ఆ మార్పుకు పేరుగా పెట్టారు. దాని అసలు విలువ తెలియడానికి మరో యాభై ఏళ్లు పట్టింది. ఈగ పిల్ల శరీరాన్ని ఖండాలుగా విభజించే 15 జన్యువుల జాబితాను 1980లో న్యూస్లీన్-ఫోల్‌హార్డ్, వీషాస్ అనే శాస్త్రవేత్తలు ప్రకటించారు. అందులో ఇదీ ఉంది. 1995లో వాళ్లకు నోబెల్ వచ్చింది. ప్రతి ఖండంలోనూ వెనక భాగం కణాలకు 'మీరు వెనకవాళ్లు' అని చెప్పేది ఎన్‌గ్రేల్డే. కేంద్రకంలో కూర్చుని మిగతా జన్యువులను నడిపిస్తుంది, ఆపేస్తుంది. కేంద్రకంలో ఉంటుందన్న మాట గుర్తుంచుకోండి, దానితో తర్వాత పనుంది.

మరి ఒక్క ప్రోటీన్‌నే పట్టే యాంటీబాడీ ఎలా వస్తుంది? ఎలుకకు ఆ ప్రోటీన్ ఎక్కిస్తారు. దాని ప్లీహంలోని, యాంటీబాడీలు తయారు చేసే బీ కణాలను చావులేని క్యాన్సర్ కణాలతో కలిపేస్తారు. ఈ జోడు కణాన్నే హైబ్రిడోమా అంటారు. 1975లో కోలర్, మిల్‌స్టీన్ చూపిన దారి ఇది. అలా పుట్టిన ఒక్కో కణం నుంచి పెరిగిన సంతతి అంతా ఒకే యాంటీబాడీని కారుస్తూ ఉంటుంది. అలాంటి ఒక సంతతి పేరే 4డి9. ఆ కణాలను అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయంలోని హైబ్రిడోమా బ్యాంకు పెంచి, యాంటీబాడీని చవకగా పంపిస్తుంది. ఇది లాభం కోసం నడిచే దుకాణం కాదు. చిన్న ల్యాబుల వాళ్లం బతికి బట్టకట్టామంటే ఇలాంటి చోట్ల వల్లనే.

ఇక అసలు విశేషానికి వస్తాను. ఎన్‌గ్రేల్డ్‌లో 60 అమైనో ఆమ్లాల ముక్క ఒకటుంది, హోమియోడొమైన్. డీఎన్ఏను పట్టుకునేది అదే. కోట్ల ఏళ్లు గడిచినా పెద్దగా మారలేదు. 4డి9 సరిగ్గా వెళ్లి అక్కడ అతుక్కుంటుంది. ఈగ ప్రోటీన్ కోసం చేసిన యాంటీబాడీ మిడతలోనూ, రొయ్యల చుట్టమైన క్రేఫిష్‌లోనూ, వెన్నెముక ఉన్న జీవుల్లోనూ పనిచేసిందంటే కారణం అదే. నిపమ్ పటేల్, కార్న్‌బర్గ్, గుడ్‌మన్ బృందం 1989లో ఈ సంగతి చూపించింది.

మిడతలో వాళ్లు చూసింది నాకిప్పటికీ ముచ్చటే. ఎన్‌గ్రేల్డ్ ఉన్న కణాలు రంగు పట్టి చారలుగా కనిపిస్తాయి. పండ్లీగ పిండంలో అలాంటి 14 చారలూ దాదాపు ఒక్కసారే తేలతాయి, చీర అంచంతా ఒకే అచ్చుతో అద్దేసినట్టు. మిడతలో అలా కాదు. పిండం తోకవైపు పెరిగే కొద్దీ చారలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి, మగ్గం మీద నేసినట్టు. ఆఖరికి రెండింటిలోనూ ప్రతి ఖండం వెనక భాగంలో అదే చార. దారులు వేరైనా చేరే చోటు ఒకటే. మిడత జన్యువుల జోలికి పోకుండానే ఇంత తెలిసింది.

అయితే ఊరంతా చుట్టమే అనుకునేవాడితో చిక్కు కూడా ఉంటుంది కదా. ఈగలో ఎన్‌గ్రేల్డ్‌కు ఇన్‌వెక్టెడ్ అనే తోబుట్టువు జన్యువుంది. 4డి9 ఇద్దరినీ పట్టేస్తుంది. అందుకే ఎన్‌గ్రేల్డ్ ఒక్కటే లేని పిండంలోనూ చారలు కనిపించవచ్చు. యాంటీబాడీని నిజంగా పరీక్షించాలంటే రెండు జన్యువులూ ఎగిరిపోయిన పిండం కావాలి. కోడిపిల్ల దగ్గర కథ తిరగబడింది. అక్కడ ఎన్‌గ్రేల్డ్ కుటుంబంలో ఎన్-1, ఎన్-2 అని ఇద్దరున్నారు. 4డి9 ఎన్-2ను పడుతుంది, ఎన్-1ను పట్టదు. కోడి పిండంలో ఒకచోట రంగు రాలేదంటే అక్కడ ఎన్‌గ్రేల్డ్ కుటుంబమే లేదని రాసేయకూడదన్నమాట.

నా భాగోతం కూడా చెప్పాలి. మొదటి ఏడాది పిండాలను బ్లీచులో పైపెంకు తీసి, ఫార్మాల్డిహైడ్‌లో బిగించి, మెథనాల్‌లో గట్టిగా కుదిపి, అడుగుకు దిగినవాటిని ఏరి, రాత్రంతా చల్లగా 4డి9లో ఉంచాను. మర్నాడు ఎలుక యాంటీబాడీని పట్టే రెండో యాంటీబాడీ వేసి, అది అతుక్కున్న చోట గోధుమరంగు తేల్చే డాబ్ అనే రసాయనం కలిపాను. పిండమంతా ముదురు గోధుమరంగు! కొత్త చోట ఎన్‌గ్రేల్డ్ దొరికిందని గంతులేశాను. మా సీనియర్ అక్క మైక్రోస్కోపులో ఒక్క నిమిషం చూసి, 'కేంద్రకాలు ఖాళీగా ఉన్నాయి, చుట్టూ మాత్రమే రంగుంది. రెండో యాంటీబాడీ ఒక్కటే వేసిన గొట్టం ఏదమ్మా?' అంది. నేను వేయలేదు. 4డి9 లేకుండానే రంగు వస్తే అది ఎన్‌గ్రేల్డ్‌ది కాదని చెప్పేది ఆ గొట్టమే. మూడు వారాల ఆనందం ఆ ప్రశ్నతో ఆవిరైంది.

నాకు మూడు వారాలే పోయాయి. 2023లో ఒక బృందం 65 నాడీసంబంధ ప్రోటీన్లకు అమ్మే 614 యాంటీబాడీలను, ఆ ప్రోటీన్ లేకుండా చేసిన కణాలను పక్కన పెట్టుకుని పరీక్షించింది. చాలావాటికి చెప్పిన పని చేతకాలేదు. వాటిని నమ్మి రాసిన వ్యాసాలు మాత్రం పత్రికల్లో అచ్చయి ఉన్నాయి.

వెనక బల్ల మీద మూడు మైక్రోస్కోపులు పెట్టాం. మొదటిదాంట్లో ఈగ, రెండోదాంట్లో మిడత. మూడోదాంట్లో రెండో యాంటీబాడీ మాత్రమే వేసిన ఈగ పిండం, తెల్లగా, ఏమీ లేకుండా. దయచేసి ముందు మూడోది చూసి, తర్వాత మొదటిదానికి రండి.