చెరువు నిండిన ఏడాది పిట్టలేవీ?

నేను: నమస్తే అండీ. ఈ వారం మా బాబాయ్‌ని పట్టుకొచ్చాను. రిటైరయ్యాక హైదరాబాద్ చుట్టుపక్కల చెరువులన్నీ ఈయన ఖాతాలోనే ఉన్నాయి. పెళ్లికొచ్చినా మెళ్లో బైనాక్యులర్స్ ఉంటాయి.

బాబాయ్: అబద్ధం. పెళ్లికి కార్లోనే వదిలేసి వచ్చా.

నేను: సరే సరే. బాబాయ్, ఈసారి వానలు బాగా పడి చెరువులు అలుగు పారాయనుకో. అంటే చలికాలం పిట్టలు బోలెడు వచ్చేస్తాయనేగా?

బాబాయ్: తిరగేసి చెప్పావు. అలుగు పారిన ఏడాది మనకి బాతులు పల్చగానే కనిపిస్తాయి.

నేను: అదేంటి, నీళ్లుంటేనే కదా బాతులు?

బాబాయ్: నీళ్లుండాలి, లోతుండకూడదు. సూదితోక బాతు ఎలా తింటుందో చూశావుగా? తల లోపల, తోక పైన. పూర్తిగా మునిగిపోదు, ఉన్నచోటే తలకిందులవుతుంది. మెడ అందినంత వరకే దాని భోజనం. చెంచామూతి బాతైతే మరీ పైపైనే, ఆ వెడల్పు ముక్కుతో నీళ్లు జల్లించుకుంటూ పోతుంది. ఆరేడు అడుగుల లోతులో వీటికేం దొరుకుతుంది చెప్పు? లోతుల్లోకి మునిగేవాళ్లు వేరే ఉన్నారు. నీటికాకి, బుడుబుంగ, బొల్లికోడి. నిండు చెరువులో కనిపించేవి ఎక్కువగా ఇవే.

నేను: మిగతావన్నీ ఎటు పోతాయి మరి?

బాబాయ్: చెదిరిపోతాయి. వానలు పడ్డ ఏడాది ప్రతి కుంటలోనూ నీళ్లే. కరువొస్తే మిగిలిన రెండు మూడు చెరువుల దగ్గర గుమిగూడతాయి, మనమేమో ‘అబ్బో, ఈసారి ఎన్నొచ్చాయో’ అంటాం. ఒక్క చెరువు చూసి పెరిగాయనో తగ్గాయనో చెప్పకూడదు. ఏషియన్ వాటర్‌బర్డ్ సెన్సస్ అని 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతుంది. అన్ని చోట్లా దాదాపు ఒకే సమయంలో లెక్కపెట్టడం అందుకే.

నేను: పేపర్లో ‘సైబీరియా నుంచి తరలివచ్చిన అతిథులు’ అని వేస్తారు కదా ఏటా...

బాబాయ్: (నవ్వు) ఆ మాట ఎత్తకు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు పెడతాయి. తేలుకుంచిలో నత్తగుల్ల కొంగలు. అన్నిటికీ సైబీరియా ఆధార్ కార్డే! ఇవన్నీ ఇక్కడివమ్మా. మన దేశంలోనే ఒకచోటి నుంచి ఇంకోచోటికి తిరుగుతాయి, ఇక్కడే పిల్లల్ని పెడతాయి. చలికాలం అతిథి అయితే ఇక్కడ గూడు కట్టదు, తిని, బలం పుంజుకుని, వేసవికి వెళ్లిపోతుంది. గూడు కనబడిందా, అది సైబీరియాది కాదు. అంత తేలిక. ఫ్లెమింగోలు కూడా అంతే, మన కచ్ రణ్‌లోనే గూళ్లు కడతాయి.

నేను: మరి నిజంగా దూరం నుంచి వచ్చేవేవి?

బాబాయ్: తల మీద రెండు నల్ల పట్టీలుంటాయే, బార్‌హెడెడ్ గూస్, అది టిబెట్, మంగోలియా నుంచి హిమాలయాలు దాటి వస్తుంది. ట్రాన్స్‌మీటర్లు కట్టి చూస్తే ఏడు వేల మీటర్ల పైన ఎగిరిన పక్షి కూడా దొరికింది. మామూలుగా అంత ఎత్తుకి పోదులే, లోయలు పట్టుకుని, కొండల వాలు వెంట ఎక్కుతూ దిగుతూ వస్తుంది. దాని రక్తం పల్చటి గాలిలోంచి కూడా ఆక్సిజన్ బాగా లాక్కుంటుంది. మంజీరా వైపు కనిపిస్తుంది. కానీ నన్నడిగితే దానికంటే గొప్పది లిటిల్ స్టింట్. 20–30 గ్రాములు, ఒక ఇడ్లీ కన్నా తేలిక. ఆర్కిటిక్‌లో పుడుతుంది. ఇక్కడికొచ్చి బురదలో పరిగెడుతుంటే జనం పిచ్చుకనుకుని వెళ్లిపోతారు.

నేను: బురద అన్నావు కాబట్టి అడుగుతున్నా. నాతో వచ్చినప్పుడల్లా కట్ట మీద నిలబడనివ్వవు. ఎందుకు?

బాబాయ్: కట్ట దగ్గరే కదా లోతంతా! రోడ్డు అక్కడుంది, బెంచీలు అక్కడున్నాయి, అందరూ అక్కడే ఆగి ‘ఏమీ లేవు’ అంటారు. ఎదురు ఒడ్డుకి పోవాలి, శిఖం వైపు, అంటే నీళ్లు తగ్గితే బయటపడే చెరువు నేల వైపు. నవంబర్ నుంచి నీళ్లు మెల్లగా తీస్తుంటాయి. వారం వారం కొత్త బురద బయటపడుతుంది, అందులో పురుగులు, నత్తలు, గింజలు. ఎవరి కాలు పొడుగును బట్టి వాళ్ల చోటు. అంచున స్టింట్లు, పిక్కల లోతులో ఎర్రకాళ్ల స్టిల్ట్‌లు, ఇంకా లోపల ఫ్లెమింగోలు. ఒకరి పళ్లెంలో ఒకరు చెయ్యి పెట్టరు.

నేను: శిఖం భూములంటే మనకి గుర్తొచ్చేది వేరే...

బాబాయ్: ప్లాట్లు. (నవ్వు) నవ్వొచ్చే విషయం కాదులే. వానాకాలం నీళ్లు, ఎండాకాలం ఖాళీ. చూసినవాడికి ఎఫ్‌టీఎల్ లోపల, అంటే చెరువు పూర్తిగా నిండితే నీళ్లు చేరే హద్దు లోపల, బోలెడు ఖాళీ స్థలం ఉన్నట్టే కనిపిస్తుంది. పిట్టలకి కావలసిందీ సరిగ్గా ఆ స్థలమే. కబ్జా ఒక రకం. దానికి కేసులు, కూల్చివేతలు ఏవో ఉంటాయి. నాకు ఎక్కువ భయం సుందరీకరణ అంటే.

నేను: చెరువు బాగుచేస్తే కూడా భయమా?

బాబాయ్: మురుగు ఆపితే దండం పెడతా. గుర్రపుడెక్క తీస్తే ఇంకా సంతోషం, అది కప్పేస్తే బాతు దిగడానికి జాగా ఉండదు. కానీ ఏం చేస్తారంటే, ఒడ్డు చుట్టూ నిలువుగా తవ్వి, రాళ్లు పేర్చి, పైన వాకింగ్ ట్రాక్. మధ్యలో ఫౌంటెన్. లైట్లు. వాలు పోయింది, బురద పోయింది. ఏడాదంతా నిండుగా, అందంగా ఉంటుంది. ఒక చెరువు, పేరెందుకులే, ఇంతకుముందు చలికాలం స్టిల్ట్‌లు ఉండేవి. ఇప్పుడు పెడల్ బోట్లున్నాయి, హంస ఆకారంలో!

నేను: మరి నడవడానికి జనానికీ చోటు కావాలిగా బాబాయ్. పిన్నికి ఆ ట్రాకే దిక్కు.

బాబాయ్: కట్ట వైపు వేసుకోండి, ఎవరొద్దన్నారు? చుట్టూరా ఎందుకు? శిఖం వైపు ఒక్కటీ వదిలెయ్యమంటున్నా. అమీన్‌పూర్ చెరువుని 2016లో బయోడైవర్సిటీ హెరిటేజ్ సైట్ చేశారు. దేశంలో నగరంలోని చెరువుకి అలాంటి గుర్తింపు రావడం అదే మొదలు. చుట్టూ అపార్ట్‌మెంట్లున్నా అక్కడ ఫ్లెమింగోలు దిగాయంటే, దిగడానికి తక్కువ లోతు నీళ్లున్నాయి కాబట్టే.

నేను: సరే, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నాలుగు మాటలు చెప్పు.

బాబాయ్: జనవరిలో మొదలుపెట్టండి. అక్టోబర్‌లో దిగిన బాతుల్లో మగవి కూడా ఆడవాటిలా గోధుమ రంగులోనే ఉంటాయి, ఏది ఏదో తేల్చుకోలేక విసుగొస్తుంది. జనవరికల్లా కొత్త ఈకలొచ్చి రంగు తేలతాయి. పొద్దున్నే తూర్పు ఒడ్డున నిలబడండి, ఎండ వీపు మీద పడాలి. ఎదురెండలో అన్ని బాతులూ నల్లగానే ఉంటాయి. బైనాక్యులర్స్ కొంటే 8x42, అంటే ఎనిమిదింతలు చూపించేది. పదింతలు చూపించేది కొంటే చెయ్యి వణికినప్పుడల్లా బొమ్మ కూడా పదింతలు వణుకుతుంది. కెమెరా తర్వాత.

నేను: కెమెరావాళ్ల మీద నీకు కోపం కదా.

బాబాయ్: అందరి మీదా కాదు. ఫ్లెమింగోలు ఎగిరే ఫోటో కోసం మట్టిగడ్డ విసిరేవాళ్ల మీద, డ్రోన్ ఎగరేసేవాళ్ల మీద. అవి ఇక్కడికొచ్చేది తిని ఒళ్లు పట్టడానికి. మార్చిలో మళ్లీ అంత దూరం పోవాల్సిన బాతుని రోజుకి పదిసార్లు లేపితే అది తినేదెప్పుడు?

నేను: ఇక లెక్క రాయడం...

బాబాయ్: ఈబర్డ్ యాప్ ఉంది, ఫ్రీ. చూసినవి, ఎన్ని చూశారో, ఎంతసేపు చూశారో రాయండి. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ 1931-32లో నిజాం రాజ్యమంతా తిరిగి పక్షుల సర్వే చేశారు. అప్పట్లో ఇక్కడ ఏవి ఉండేవో ఇప్పుడు మనం మాట్లాడగలుగుతున్నామంటే ఆయన రాసిపెట్టారు కాబట్టి. అందుకే అరుదైనవే రాస్తానంటే కుదరదు, అన్నీ రాయాలి.

నేను: కాకులు కూడానా?

బాబాయ్: కాకులు, పావురాలు, నువ్వు మొన్న ‘ఛీ’ అన్న ఆ మైనాలూ. ఈ ఆదివారం ఆరున్నరకల్లా తయారుగా ఉండు. ఆ ఎర్ర జాకెట్ మాత్రం వేసుకురాకు.