టికెట్టు 200, ఓటు ఒకటి, వాటా లేదు

అందరికీ నమస్కారం. ఆదివారం పూట బెంగళూరు మారతహళ్ళి ట్రాఫిక్ దాటుకుని ఇంతమంది వచ్చారంటే భోజనాల సంగతి ఎవరో ముందే చెప్పేసి ఉంటారు. భోజనాలున్నాయి, కానీ ముందు నలుగురు తమ వ్యాపారం గురించి చెబుతారు, మీరు ఓటేస్తారు, గెలిచినవాళ్ళకు టికెట్ల డబ్బంతా ఇస్తాం. వాళ్ళకంటే ముందు నేను కాసేపు.

ఇది మనం కనిపెట్టిన పద్ధతి కాదు. అమెరికాలో కార్ల పరిశ్రమ దెబ్బతిని చితికిపోయిన డెట్రాయిట్‌ నగరంలో 2010లో డెట్రాయిట్ సూప్ అని మొదలైంది. 5 డాలర్లు ఇస్తే సూపు, సలాడ్, బ్రెడ్డు, ఒక ఓటు ఇచ్చేవారు. నలుగురు తలా 4 నిమిషాలు మాట్లాడేవారు, జనం 4 ప్రశ్నలు వేసేవారు, తింటూ చర్చించుకుని ఓటేసేవారు, గెలిచినవాళ్ళకు ఆ రోజు పోగైన డబ్బంతా. వడ్డీ లేదు, వాటా లేదు.

మనదీ అంతే. టికెట్టు 200, నూరుమంది వస్తే 20 వేలు. 'ఈ రోజుల్లో 20 వేలకు ఏం వ్యాపారం వస్తుందండీ' అని ఒకాయన అడిగారు. కోరమంగలలో ఆఫీసు రాదు, నిజమే. కానీ ఇంట్లో జొన్నరొట్టెలు చేసి చుట్టుపక్కల పీజీలకు వేస్తున్న ఒక అక్క ఉందనుకోండి, ఆమెకు ఇంకో పెద్ద పెనం, రెండు బర్నర్ల స్టవ్వు, తిండి అమ్మేవాళ్ళు చేయించుకోవాల్సిన, ఏడాదికి 100 రూపాయల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్, పోగా కొంత పిండికి. అసలు నన్నడిగితే డబ్బుకంటే ఇక్కడ దొరికే ప్రశ్నలే ఎక్కువ విలువైనవి.

కాబట్టి మొహమాటం లేకుండా అడగండి. రొట్టె ఎంతకు అమ్ముతున్నారు, పిండి, గ్యాస్, డెలివరీ పోను ఎంత మిగులుతోంది, పీజీవాళ్ళు బాకీ ఎన్నాళ్ళకు కడుతున్నారు, మీరు జ్వరంతో పడుకుంటే ఆ రోజు రొట్టెలు ఎవరు చేస్తారు? అన్నిటికంటే ముఖ్యం, మీ కష్టానికి కూలి వేసుకున్నారా? ఇళ్ళ నుంచి వంట అమ్మేవాళ్ళలో చాలామంది ఈ ఒక్కటీ వదిలేస్తారు, తెల్లవారుజామున నాలుగింటికి లేచి చేసిన పనికి సున్నా వేసి లాభం వచ్చిందంటారు, తర్వాత ఒక మనిషిని పెట్టుకోగానే ఆ లాభం కాస్తా మాయమవుతుంది. చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వ పథకం కింద బ్యాంకులిచ్చే ముద్ర శిశు లోను 50 వేల దాకా తాకట్టు లేకుండా ఇస్తారు, 2015 నుంచీ ఉంది, అక్కడా అడిగేది ఖర్చు, అమ్మకం లెక్కే. ఇక్కడ నలుగురి ముందు చెప్పినవాళ్ళకు బ్యాంకులో టెన్షన్ ఉండదు.

ఇంగ్లీషు స్లైడ్లు చూసి ఓటేయకండి. కన్నీళ్ళు చూసి అసలే వేయకండి, సాయం చేయాలనిపిస్తే విడిగా చేయండి. మా కర్నూలు, మా గుంటూరు అని కూడా వద్దు ప్లీజ్. కొనేవాళ్ళు ఈ వీధిలో ఉన్నారు, వాళ్ళలో సగం కన్నడవాళ్ళు, అందుకే ఈసారి కింది అంతస్తుల కన్నడ కుటుంబాలనూ పిలిచాం.

ఒక్క విషయంలో మాత్రం నేను మైకు లాగేసుకుంటా. 'పదివేలు పెట్టండి, ఏడాదికి పన్నెండు చేసి ఇస్తా' అని ఎవరన్నా సరే. చిట్టీలకు అలవాటుపడ్డ ప్రాణాలం, మనకది మామూలుగానే వినిపిస్తుంది. కానీ తిరిగి ఇస్తామని జనం దగ్గర అలా డిపాజిట్లు తీసుకుంటే 2019లో వచ్చిన చట్టం ప్రకారం జైలు దాకా పోవచ్చు. కంపెనీ వాటాలు కూడా ఇలా సభ పెట్టి అమ్మకూడదు. మనం ఇచ్చేది బహుమతి, ఇచ్చాక అది వాళ్ళది. వ్యాపారం మునిగితే డబ్బు అడగం. ఇంకోటి, బంధువులు కానివాళ్ళ నుంచి ఒకే ఏడాదిలో ఊరికే వచ్చిన డబ్బు 50 వేలు దాటితే దాటిన భాగానికే కాదు, మొత్తానికీ పన్ను లెక్క ఉంటుంది, గెలిచినవాళ్ళు గుర్తుపెట్టుకోండి.

గెలవని ముగ్గురి నంబర్లు బోర్డు మీద ఉంటాయి, నచ్చితే వచ్చే వారానికి ఆర్డరు ఇచ్చి వెళ్ళండి, అడ్వాన్సు ఇస్తే ఇంకా మంచిది. ఓటు చీటీలు నలుగురూ మాట్లాడాకే, భోజనాల దగ్గర ఇస్తారు. మొదట మాట్లాడే అక్కా, రండి, మీ 4 నిమిషాలు మైకు అందుకున్నప్పటి నుంచి లెక్క.