గన్నూ, కోర్టు ఆర్డరూ ఒకే ఇంట్లో

[తెర మీద: టెక్సస్, ఆర్లింగ్టన్, 2019 డిసెంబరు]

ఒక పార్కింగ్ లాట్. ఇద్దరు భోజనానికి కలిశారు. మాటా మాటా పెరిగింది. ఆమె వెళ్లిపోబోతే అతను మణికట్టు పట్టుకుని కారు దాకా ఈడ్చుకెళ్లి లోపలికి తోశాడు. ఆమె తల డ్యాష్‌బోర్డుకి కొట్టుకుంది. పక్కన ఎవరో చూస్తున్నారని తెలిసి, సీటు కింద నుంచి గన్ తీశాడు. తీసే ఆ క్షణంలోనే ఆమె తప్పించుకుని పరుగెత్తింది. అతను పేల్చాడు. ఆమె అతని బిడ్డకు తల్లి.

2020 ఫిబ్రవరిలో కోర్టు 2 ఏళ్లకు రిస్ట్రెయినింగ్ ఆర్డర్ ఇచ్చింది, అంటే ఆమెను బెదిరించకూడదు, వేధించకూడదు అన్న ఉత్తర్వు. అతని గన్ లైసెన్స్ సస్పెండ్ చేసింది. తర్వాత వరసగా జరిగిన కాల్పుల కేసుల్లో అనుమానం వచ్చి పోలీసులు అతని ఇల్లు వెతికారు.

[తెర మీద: పిస్తోలు, రైఫిల్, తూటాలు, ఒక కాగితం]

ఆ కాగితం ఏమిటో తెలుసా? అదే కోర్టు ఆర్డర్ కాపీ.

అతని పేరు రహీమీ. ఇదే రహీమీ కేసు. ఇలాంటి ఆర్డర్ ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ ఉండకూడదని అమెరికాలో 1994 నుంచీ ఫెడరల్ చట్టం, అంటే దేశమంతటికీ వర్తించే చట్టం ఉంది. 2023లో ఒక అప్పీల్ కోర్టు అది రాజ్యాంగానికి విరుద్ధం అంది. 2024 జూన్ 21న సుప్రీంకోర్టు 8-1తో ఆ తీర్పును కొట్టేసింది. ఆ రోజు నాకు ఊపిరి తిరిగొచ్చినట్టయింది.

కానీ ఆ ఇంట్లో కోర్టు కాగితం ఉన్నా గన్‌లు అలాగే ఉండిపోయిన సంగతి? ఇప్పటికే ఉన్న గన్‌ను ఎవరు, ఎలా తీసుకోవాలో ఫెడరల్ చట్టం చెప్పదు. అది రాష్ట్రాలకే వదిలేసింది. కాలిఫోర్నియాలో ఆర్డర్ అందిన 24 గంటల్లో పోలీసులకో, లైసెన్స్ ఉన్న డీలర్‌కో ఇచ్చేయాలి, 48 గంటల్లో కోర్టుకు రసీదు చూపాలి. అన్ని చోట్లా ఇంత గట్టిగా లేదు. పైగా, అవతలి మనిషికి నోటీసిచ్చి, విచారణకు అవకాశమిచ్చాకే ఫెడరల్ నిషేధం. మొదట ఇచ్చే తాత్కాలిక ఆర్డర్‌కు అది వర్తించదు. ఇల్లు వదిలి వచ్చిన మనిషికి అసలు టెన్షన్ అంతా ఆ మొదటి రోజుల్లోనే కదా!

డల్లాస్‌లోనో, బే ఏరియాలోనో ఉన్న మన ఆడపిల్లలకు చెప్తున్నా. ఆర్డర్ అడగడానికి వీసా స్టేటస్ అడ్డు కాదు, భర్త ఉద్యోగ వీసా మీద ఆధారపడే హెచ్-4 అయినా సరే. ఇంట్లో గన్ ఉంటే జడ్జికి మొదటే చెప్పండి. కాలిఫోర్నియా దరఖాస్తులో అందుకు చోటే ఉంది: ఏ గన్, ఎన్ని, ఎక్కడ పెడతాడు. బీరువా పైనా, పరుపు కిందా, కారు సీటు కిందా... మీకు తెలిసినంత రాయండి.