నీటికీ కొండకీ మధ్య ఊళ్లు

మిత్రులారా, అందరికీ నమస్కారం.

సరస్సు ఒడ్డున ఉన్న పాత ఊళ్లను చూసి రావడం గురించి, అక్కడ ఉండటం గురించి మాట్లాడమన్నారు. నా దృష్టిలో ఈ రెండూ వేరు కావు. అలాంటి ఊళ్లో అన్నిటికంటే కరువైనది చోటు. ఒకవైపు నీళ్లు, ఇంకోవైపు కొండ. మధ్యలో మిగిలిన సన్నటి నేల మీదే వందల ఏళ్లుగా మనుషులు సర్దుకుని బతికారు. ఇప్పుడు చూడటానికి వెళ్లే మనమూ అదే నేల మీద నిలబడుతున్నాం. కాబట్టి ఇవాళ నేను మాట్లాడేది ప్రధానంగా ఆ చోటు గురించే.

ఆస్ట్రియాలోని హాల్‌స్టాట్‌నే తీసుకోండి. జనాభా 800 కూడా లేదు. ఊరి వెనక కొండలో ఉప్పు ఉంది, దాని కోసం మనుషులు అక్కడికి చేరి ఏడు వేల ఏళ్లయింది. 1846లో గనుల అధికారి యోహాన్ గియోర్గ్ రామ్‌సావర్‌కి కొండ మీద పాత శ్మశానం కనిపించింది. ఆయన ఓపిగ్గా తవ్వుకుంటూ పోతే దాదాపు వెయ్యి సమాధులు బయటపడ్డాయి. యూరప్‌లో తొలి ఇనుప యుగపు సంస్కృతికి ఈ చిన్న ఊరి పేరే పెట్టారు.

ఇంత చరిత్ర ఉన్న ఊరికి 1890 దాకా రోడ్డు లేదు. అదైనా కొంత మేర రాయిని పేల్చి వేసిందే. అంతకుముందు పడవలో రావాలి, లేదంటే కాలిబాటన. ఒడ్డు వెంబడి ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి వెళ్లాలన్నా పడవ ఎక్కాలి. కాదంటే ఇళ్ల అటకల గుండా పోయే ఇరుకైన పైదారి పట్టాలి. పక్కింటివాళ్లతో మాటలు మానేసి బతకడం కుదరని ఊరది! పండగ ఊరేగింపు తీయడానికి కూడా నేల చాలక, శతాబ్దాలుగా పడవల్లో సరస్సు మీదే తీస్తున్నారు.

చనిపోయినవాళ్లకీ చోటు లేదు. ఈ సంగతి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే ఆ ఊరి మనసు నాకు ఇక్కడే అర్థమవుతుంది. చర్చి పక్కన ఉన్న శ్మశానం చాలా చిన్నది. కొత్తవాళ్లను పాతిపెట్టాలంటే పది పదిహేనేళ్ల తర్వాత పాత సమాధి తవ్వి ఎముకలు తీయాల్సి వచ్చేది. వాటిని పారేయలేదు. పుర్రెను శుభ్రం చేసి, తెల్లబడేదాకా ఆరబెట్టి, నుదుటి మీద పేరు, తేదీ రాసి, చుట్టూ పూలో ఐవీ ఆకులో ఓక్ ఆకులో రంగులతో వేసి, ప్రార్థనామందిరం కింది గదిలో ఒక కుటుంబానివన్నీ పక్కపక్కన పెట్టారు. అక్కడ సుమారు 1200 పుర్రెలుంటే, వాటిలో 600కి పైగా ఇలా చిత్రించినవే. ఆఖరిది 1995లో చేరింది. 1983లో చనిపోయిన ఒకామె కోరిక అది. ఆ పుర్రెకి బంగారు పన్ను ఇంకా ఉంది. చాలామంది ఆ గదిలోకి వింత చూడటానికి వెళ్తారు. నాకు మాత్రం అది ఉన్న కాస్త చోటునీ ఒకరి తర్వాత ఒకరు మర్యాదగా పంచుకోవడంలా కనిపిస్తుంది.

ఇక ఇప్పటి మాట. కోవిడ్‌కి ముందు రద్దీ రోజుల్లో ఆ ఊరికి పది వేలమంది దాకా వచ్చేవారు. 2020లో టూరిస్టు బస్సులకు స్లాట్లు పెట్టారు. 2023 మేలో, అందరూ సెల్ఫీలు దిగే చోట సరస్సు కనపడకుండా చెక్కల గోడ కట్టి, విమర్శలు రావడంతో కొద్దిరోజులకే తీసేశారు. ఆగస్టులో ఊరివాళ్లు ఊళ్లోకి వచ్చే సొరంగం రోడ్డు మీదికి వచ్చి నిరసన తెలిపారు. రోజుకి ఇంతమందే రావాలనీ, సాయంత్రం అయిదు తర్వాత బస్సులు వద్దనీ అడిగారు. నేను ఊరివాళ్ల పక్షమే. వాళ్ల వాకిలి ముందు రోజూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా తిరునాళ్లు జరుగుతుంటే ఎలా?

దీనికంటే పెద్ద ఇబ్బంది పైకి కనపడదు. ఇంటిని ఒక కుటుంబానికి నెల అద్దెకిచ్చేకన్నా టూరిస్టులకు రాత్రికింతని ఇస్తే ఎక్కువ డబ్బు వస్తుంది. కొత్తగా కట్టడానికి నేల లేదు కనక, అలా పోయిన ప్రతి ఇల్లూ ఊరికి పోయినట్టే. పెళ్లయిన జంటలు వేరే ఊరికి మారతారు. బడిలో పిల్లలు తగ్గుతారు. ఆస్ట్రియా పల్లెల్లో మంటలు ఆర్పేది ఎక్కువగా ఊరి వాలంటీర్లే. ఊళ్లో ఉండేవాళ్లే లేకపోతే ఆ పని ఎవరు చేస్తారు? ఇదే హాల్‌స్టాట్‌లో 1750లో నిప్పంటుకుని ఊరి నడిబొడ్డు కాలిపోయింది.

సరస్సు బాగోగులు చూసేది కూడా అక్కడ ఉండేవాళ్లే. ఇందుకు ఫ్రాన్స్‌లోని ఆన్సీ గొప్ప ఉదాహరణ. రెండో ప్రపంచయుద్ధం తర్వాతి రోజుల్లో ఒడ్డున ఉన్న ఊళ్ల మురుగంతా సరస్సులోకే పోయేది. మురుగుతో ఫాస్ఫరస్ చేరుతుంది, నాచు పెరుగుతుంది. అది చచ్చి అడుక్కి దిగి కుళ్లేటప్పుడు అక్కడి ఆక్సిజన్‌ని తినేస్తుంది. అడుగున ఉండే చేప గుడ్లు బతకవు. పైనుంచి చూస్తే సరస్సు ఇంకా అందంగానే ఉంటుంది! నీళ్లలోకి దిగి చూసే అలవాటున్న స్థానిక డాక్టర్ పాల్ సెర్వెట్టాజ్ ఏళ్ల తరబడి ఈ సంగతి చెప్పి చెప్పి, చివరికి అందరినీ కదిలించారు. 1957లో ఒడ్డు ఊళ్లు ఒక సంఘంగా ఏర్పడి, సరస్సు చుట్టూ పైపులైను వేసి, మురుగుని సరస్సులో పడకుండా బయట ఉన్న శుద్ధి కేంద్రానికి మళ్లించాయి. ఇప్పుడు ఆన్సీ జనం ఆ సరస్సు నీళ్లనే శుద్ధి చేసి తాగుతున్నారు.

ఆన్సీ సరస్సులో నీరంతా మారడానికి దాదాపు నాలుగేళ్లు పడుతుంది. ఉత్తర మాసిడోనియా, అల్బేనియాల మధ్య ఉన్న ఓహ్రిడ్ సరస్సుకి సుమారు డెబ్బై ఏళ్లు. పది లక్షల ఏళ్లకు పైబడిన సరస్సు అది. ప్రపంచంలో మరెక్కడా లేని జీవజాతులు రెండు వందలకు పైగా ఉన్నాయి. ఓహ్రిడ్ పాత ఊళ్లో కూడా చోటు ఇరుకే. ఇళ్ల పై అంతస్తులు సందుల మీదికి ముందుకొచ్చి ఉంటాయి. ఇప్పుడు ఒడ్డున అడ్డూ అదుపూ లేకుండా కట్టడాలు లేస్తున్నాయని యునెస్కో చాలాసార్లు హెచ్చరించింది. అక్కడ ఇవాళ చేసిన తప్పు మనవల కాలం దాకా నీళ్లలోనే ఉంటుంది.

మన దేశంలో ఉదయ్‌పూర్ సంగతి వేరు. పిచోలా చెరువు 1362 నాటిది, నగరం 1559లో పుట్టింది. చెరువే ముందు. వానలు మొహం చాటేసిన ఏళ్లలో ఆ చెరువు ఎండిన సందర్భాలున్నాయి. ఫొటోలు చూసి టికెట్ కొనేముందు ఆ ఏడాది వానలెలా పడ్డాయో కనుక్కోండి.

వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఇదీ. పగలు వచ్చి సాయంత్రం పోయే బస్సు వద్దు. కనీసం రెండు రాత్రులు ఉండండి. ఇంటి యజమాని అదే ఇంట్లో ఉంటూ గదులిచ్చే బస వెతకండి. డబ్బు ఊళ్లో మిగులుతుంది, ఆ ఇల్లు ఊరికి ఇల్లుగానే ఉంటుంది. హాల్‌స్టాట్‌కి రైల్లో వెళ్లండి. స్టేషన్ అవతలి ఒడ్డున ఉంది, అక్కణ్నుంచి పడవ. కారు ఎక్కడ పెట్టాలన్న టెన్షన్ ఉండదు.

కొన్ని నెలలు ఉండాలనుకునేవాళ్లు మాత్రం జూన్‌లో చూసి నిర్ణయించుకోకండి. ముందు నవంబరులో ఒక వారం ఉండి చూడండి. కొండ నీడలో ఉన్న ఒడ్డుకి ఆ రోజుల్లో ఎండ తగిలేది తక్కువ. గోడలకు చెమ్మ ఎక్కుతుంది, బట్టలు ఆరవు, సామాన్లన్నీ మెట్ల మీద మోసుకోవాలి. ఇల్లు చూసేటప్పుడు కిటికీలోంచి సరస్సు ఎంత కనపడుతుందన్నది తర్వాత అడగొచ్చు. ముందు మురుగు ఎటు పోతుందో, చలికాలంలో ఎండ ఎన్ని గంటలు పడుతుందో, పక్కింట్లో ఏడాది పొడవునా ఎవరైనా ఉంటారో లేదో అడగండి.