స్కల్లీ ఎందుకు నమ్మదు? తేలని మిస్టరీకి ఇద్దరు ఎందుకు కావాలి?

నమస్తే. ఈ వీడియో చేయడానికి ఒకే ఒక్క కారణం ఉంది. 'ద ఎక్స్ ఫైల్స్' అనే అమెరికన్ టీవీ సిరీస్ గురించి మాట మొదలైతే చాలు, ఎవరో ఒకరు ఇలా అంటారు: "ఆ స్కల్లీకి ఎన్నిసార్లు చూపించినా నమ్మదేంటండీ? మల్డర్ ఒక్కడే ఉంటే కేసు పది నిమిషాల్లో తేలిపోయేది కదా!" విన్న ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది. తేలిపోయేది, ఒప్పుకుంటాను. కానీ అప్పుడు అందులో మిస్టరీ ఏం మిగిలేది?

మల్డర్, స్కల్లీ ఎవరో తెలియనివాళ్లకి ఒక్క మాట: ఇద్దరూ అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ఏజెంట్లు, అంతుచిక్కని కేసులు చూస్తారు; అతను ఏలియన్లనీ అతీత శక్తులనీ నమ్ముతాడు, ఆమె సైన్స్‌తో ప్రశ్నిస్తుంది.  ఒక ఎపిసోడ్ ముగింపు మాత్రం చెప్పేస్తాను, ముందే చెప్తున్నా. ఇక నేరుగా దుప్పటి దగ్గరికి వెళ్దాం.

అవును, తడి దుప్పటి. మందపాటి సోలాపూర్ దుప్పటి ఉతికారనుకోండి. ఒక్కరే పిండితే సగం నీళ్లు అందులోనే ఉండిపోతాయి. అందుకే లోపలున్నవాళ్లను కేకేస్తాం. చెరో కొస పట్టుకుని ఒకరు ఇటు, ఇంకొకరు అటు మెలిపెడతారు. దుప్పటి తాడులా బిగుసుకుని మధ్యలోంచి నీళ్లు ధారగా కారతాయి. ఇద్దరూ ఒకే వైపు తిప్పితే దుప్పటి గిరగిరా తిరుగుతుందే తప్ప చుక్క రాలదు. ఒకరు వదిలేస్తే బురదలో పడుతుంది, మళ్లీ ఉతుక్కోవాలి. మిస్టరీ కూడా ఆ దుప్పటి లాంటిదే: ఒక కొస నమ్మేవాళ్ల చేతిలో, ఇంకో కొస నమ్మనివాళ్ల చేతిలో ఉండాలి.

1993లో వచ్చిన మొదటి ఎపిసోడ్ చూడండి. స్కల్లీ డాక్టర్. మల్డర్ పని మీద రిపోర్టులు రాయమని ఎఫ్‌బీఐ పెద్దలు ఆమెను అతని దగ్గరికి పంపుతారు. చదువుకునే రోజుల్లో ఆమె ఐన్‌స్టీన్ ట్విన్ పారడాక్స్ (కవలల్లో ఒకరు అతివేగంగా అంతరిక్షంలోకి వెళ్లొస్తే రెండోవాళ్ల కంటే తక్కువ వయసుతో ఉంటారనే చిక్కు) మీద థీసిస్ రాసింది. ఆమె బేస్‌మెంట్‌లోని ఆ ఆఫీసులో అడుగుపెట్టేసరికే మల్డర్ ఆ థీసిస్ చదివేసి ఉన్నాడు! నాకు ఎంతో ఇష్టమైన విషయం ఇది. తన మీద నిఘాకి వస్తున్న మనిషి అని తెలిసి కూడా, అవతలి కొస పట్టుకునే చేతుల్లో ఎంత బలం ఉందో ముందే చూసుకున్నాడు.

ఆ తర్వాత ఒరెగాన్‌లో రాత్రి, వాన. కారు మీద తెల్లటి వెలుగు పడుతుంది, ఇంజన్ ఆగిపోతుంది. వాచీ చూస్తే తొమ్మిది నిమిషాలు లేవు. మల్డర్ వానలో తడుస్తూ సంబరపడిపోతాడు. కాలం అలా మాయమైపోవడం కుదరదంటుంది స్కల్లీ. మల్డర్ ఒక్కడే ఉంటే అది ఏలియన్ల పని, కేసు క్లోజ్. స్కల్లీ ఒక్కతే ఉంటే వాచీ పాడైంది, కేసు క్లోజ్. ఇద్దరూ ఉన్నారు కాబట్టే ఆ తొమ్మిది నిమిషాలు మనకు ఇప్పటికీ గుర్తున్నాయి.

ఇప్పుడు నా ప్రాణం లాంటి ఎపిసోడ్. మొదటి సీజన్‌లోని 'బియాండ్ ద సీ', 1994 జనవరిలో వచ్చింది. స్కల్లీ ఇంట్లో సోఫాలో కునుకు తీసి లేస్తుంది. ఎదురు కుర్చీలో నాన్న. పెదవులు కదులుతున్నాయి, మాట వినపడట్లేదు. ఫోన్ మోగుతుంది. అమ్మ ఏడుస్తూ చెబుతుంది, నాన్న పోయారని. తిరిగి చూస్తే కుర్చీ ఖాళీ.

అదే సమయంలో మరణశిక్ష పడిన బాగ్స్ అనే ఖైదీ, కిడ్నాపైన ఇద్దరు కాలేజీ పిల్లల ఆచూకీ తనకు ఆత్మలు చెబుతాయంటాడు. మల్డర్ నమ్మడు. అవును, మల్డరే నమ్మడు! ఒక గుడ్డముక్క ఇచ్చి పరీక్ష పెడతాడు. బాగ్స్ దాన్ని పట్టుకుని పూనకం వచ్చినట్టు ఊగిపోతూ ఏదేదో చెబుతాడు. అంతా విన్నాక మల్డర్ అంటాడు, అది నా సొంత టీషర్టులోంచి చింపిన ముక్క అని. దొంగ దొరికిపోయాడు, ఇక లేద్దాం అనుకుంటాం. స్కల్లీ వెళ్లబోతుంటే బాగ్స్ ఒక పాట అందుకుంటాడు. వాళ్ల నాన్న అంత్యక్రియల్లో వినిపించిన పాట. ఆపైన నాన్న ఒక్కడే ఆమెను పిలిచే ముద్దుపేరు 'స్టార్‌బక్'తో ఆమెను పిలుస్తాడు.

చూశారా, కొసలు మారిపోయాయి. ఇప్పుడు అటు తిప్పుతున్నది ఆమె, ఇటు తిప్పుతున్నది అతను. స్కల్లీ నమ్మదు అనేవాళ్లు ఈ ఎపిసోడ్ మధ్యలో వదిలేసి ఉంటారని నా నమ్మకం. నమ్మాలని ఆమెకు ఎంత ఉందో ఆ ముఖంలోనే కనిపిస్తుంది. స్కల్లీగా చేసిన గిలియన్ ఆండర్సన్ నటన కోసమైనా మళ్లీ చూడండి.

తన శిక్ష అమలయ్యే వేళకు వస్తే మీ నాన్న మాట చెబుతానంటాడు బాగ్స్. ఆమె వెళ్లదు. కాల్పుల్లో గాయపడి ఆసుపత్రిలో ఉన్న మల్డర్ పక్కన కూర్చుంటుంది. బాగ్స్ తన గురించి ముందే వివరాలు సేకరించి ఉండొచ్చని ఆలోచిస్తూ ఉంటుంది. ఇన్ని చూశాక కూడా ఎందుకు నమ్మలేవని మల్డర్ మెల్లగా అడుగుతాడు. భయం, నమ్మాలంటే భయం అంటుంది. నాన్న ఏం చెప్పాలనుకున్నాడో ఇక ఎప్పటికీ తెలియదు కదా అంటే, తెలుసు అంటుంది. ఎలా అంటే, ఆయన మా నాన్న అంటుంది. బాగ్స్‌కి నిజంగా శక్తి ఉందా లేదా? ఎపిసోడ్ చెప్పదు. చెప్పకపోయినా నాకు వెలితి అనిపించలేదు. పిండాల్సినంతా పిండేశారు.

ఇక్కడే రెండో అపోహ సంగతి కూడా తేల్చేద్దాం. వివరించకుండా వదిలేస్తే అది రచయిత బద్ధకం అంటారు. ఇద్దరూ గట్టిగా మెలిపెట్టాక ఇంకా కాస్త తడి మిగిలితే అది బద్ధకం కాదు, దుప్పటి అంత మందం. బద్ధకం ఎక్కడో నేను చూపిస్తా. 1973లో మాయమైన మల్డర్ చెల్లెలు సమంతా కథ తీసుకోండి. కుట్ర మీద కుట్ర, క్లోన్లు, కొత్త కొత్త సమాధానాలు. ఒకపక్క పిండుతుంటే ఇంకోపక్క బకెట్‌తో నీళ్లు పోశారు. చివరికి 2000లో 'క్లోజర్' ఎపిసోడ్‌లో జవాబు దొరికినప్పుడు మల్డర్ అడవిలో ఒంటరిగా ఉంటాడు, పక్కన స్కల్లీ లేదు. సీన్ అందంగా ఉంటుంది, కాదనను. కానీ నాకు ఆ జవాబు ఆనలేదు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. ఎనిమిదో సీజన్‌లో మల్డర్ లేడు, కొత్తగా వచ్చిన ఏజెంట్ డాగెట్ నమ్మడు, స్కల్లీయే మల్డర్ కొస పట్టుకుంటుంది. ఇక 'బ్యాడ్ బ్లడ్' ఎపిసోడ్‌లో ఒకే కేసును ఇద్దరూ చెరో రకంగా చెబుతారు. ఆమె చెప్పేటప్పుడు అందగాడైన షెరిఫ్‌కి, అతను చెప్పేటప్పుడు పళ్లు ఎత్తుగా ఉంటాయి.

జపాన్ యానిమేషన్ సిరీస్‌లలో, అదే అనిమేలో అయితే 'హ్యోకా' చూడండి. 2012, క్యోటో యానిమేషన్, 22 ఎపిసోడ్లు. దెయ్యాలు లేవు, ఏలియన్లు లేవు, ఒక హైస్కూల్ క్లబ్, అందులో ఒరేకి, చితాండా, ఇబారాతో కలిపి నలుగురు పిల్లలు. చితాండా మామయ్య స్కూల్ వదిలి వెళ్లిన పాత సంగతి మీద ఒరేకి ఒక థియరీ చెబుతాడు, అన్నీ అతికినట్టు సరిపోతాయి. అప్పుడు చితాండా, "మరి చిన్నప్పుడు ఇది విని నేనెందుకు ఏడ్చాను?" అంటుంది. అంతే, థియరీ సరిపోలేదని తేలి, నిజం తెలిసిన లైబ్రరీ టీచర్ దగ్గరికి వెళ్తారు. తర్వాత స్కూల్ పిల్లలు తీస్తూ సగంలో ఆగిపోయిన మిస్టరీ సినిమాకి ముగింపు కనిపెట్టే కేసులో మాత్రం మిగతా ముగ్గురూ రాలేని రోజు ఒరేకి ఒక్కడే కూర్చుని జవాబు తేలుస్తాడు. అద్భుతమైన జవాబు, అందరూ మెచ్చుకుంటారు. ఆ సినిమా కోసం తెప్పించిన తాడు ఒకటుంది. అది ఎక్కడా వాడలేదేమని ఇబారా వచ్చి అడిగేదాకా అతనికి ఆ తాడు సంగతే గుర్తులేదు.