చూసిందెంత, లెక్కగట్టిందెంత

(నెల్లూరులో ఒక ఇండోర్ ఆటల హాలు ప్రారంభం రోజున మాట్లాడింది. దాదాపు మాట్లాడినట్టే రాశాను.)

అందరికీ నమస్కారం. వేదిక మీద పెద్దలు చాలామంది ఉన్నారు, ఒక్కొక్కరి పేరూ చెప్పుకుంటూ పోతే భోజనాల టైమ్ అయిపోద్ది, అందుకని అందరికీ కలిపి ఒకటే దండం. ఫ్యాన్లు ఆపించింది నేనే. ఏప్రిల్ నెలలో నెల్లూరులో ఫ్యాన్ ఆపినవాణ్ని ఎంత తిట్టినా తప్పులేదు, కాసేపు ఓర్చుకోండి, ఎందుకో చెప్తా.

నాది కాటాల రిపేరు పని. ట్రంకు రోడ్డు పక్క సందులో ముప్ఫై ఏళ్ల నుంచీ అదే షాపు, నగల కొట్టు చిన్న కాటా నుంచి లారీ ఎక్కే వేబ్రిడ్జి దాకా చూస్తాను. గోల్ఫ్ గురించి మాట్లాడమని కాటాలోణ్ని పిలిచారేందని మీలో కొందరు నవ్వుకుంటున్నారు, కనిపిస్తానే ఉంది. నిజమే, నాకు గోల్ఫ్ రాదు. కర్ర పట్టుకుంటే బంతికి తప్ప అన్నిటికీ తగిలిస్తా. కానీ ఆ మూల వల కట్టి, ముందు పచ్చ చాప పరిచి, చాప వెనకొకటి పక్కనొకటి రెండు పెట్టెలు పెట్టారే, ఆ పెట్టెలు నా సబ్జెక్టు. లాంచ్ మానిటర్ అంటారు. ఏ పేరు పెట్టినా అదీ కాటానే, కాకపోతే దెబ్బను తూచే కాటా.

గోల్ఫ్ బంతి బరువు 45.93 గ్రాములు దాటకూడదని రూలు. కర్ర దానికి తగిలి ఉండేది అర మిల్లీ సెకను, అంటే సెకనులో రెండు వేలో వంతు. ఆ తగలడంలోనే బంతి ఎంత వేగంగా లేచింది, ఏ కోణంలో లేచింది, ఎటు వైపు పోయింది, నిమిషానికి ఎన్ని చుట్లు ఏ వైపు వాలి తిరుగుతోంది అన్నీ తేలిపోతాయి. మిగతాదంతా గాలి పని. ఈ నాలుగూ సరిగ్గా పట్టుకుంటే బంతిని వలలో ఆపేసినా పర్వాలేదు, అది ఎక్కడ పడేదో కంప్యూటరు లెక్కేసి తెర మీద చూపిస్తుంది. ఈ ఆట కోసం ఇక్కడున్న మన డాక్టరుగారు చెన్నై నందనంలో గోల్ఫ్ మైదానం దాకా కారేసుకుని పోయేవారు, పోవడం 175 కిలోమీటర్లు, రావడం ఇంకో 175. ఇప్పుడు లుంగీ మీదే ఆడుకోవచ్చు.

పట్టుకోవడానికి రెండు పద్ధతులు. ఒకటి రాడారు, అంటే 1842లో డాప్లర్ అనే ఆయన చెప్పిన సూత్రం. హైవే పక్కన నిలబడితే లారీ హారన్ దగ్గరికొచ్చేటప్పుడు ఒకలాగా, దాటిపోయాక ఇంకోలాగా వినిపిస్తుంది చూడండి, అదే. రెండోది కెమెరా, బంతి పక్కనుంచి టకటకా ఫొటోలు తీసి, బంతి మీది గుర్తు ఎంత తిరిగిందో చూసి చెప్తుంది. పెద్ద ఆటగాళ్లు వాడే ట్రాక్‌మ్యాన్ డెన్మార్కుది, 2003లో మొదలైన కంపెనీ, మిషన్ ఇరవై వేల డాలర్ల పైమాటే. అంత పెట్టే ఖర్మ మనకేంది? 2021లో గార్మిన్ ఆర్10 అని అరచేతిలో పట్టేది 600 డాలర్లకు వచ్చింది, 2023లో రాప్సోడో వాళ్లది 700కు వచ్చింది, ఆ తర్వాత స్క్వేర్ అని కెమెరా పెట్టె, అదీ 700. మన దాకా వచ్చేసరికి కస్టమ్స్ అదీ ఇదీ కలిసి ఇంకా పెరుగుద్దనుకోండి.

ఇప్పుడు ఫ్యాన్ సంగతి. డాక్టరుగారు మొదట కొన్నది రాడారు పెట్టె. ఏ కంపెనీదో చెప్పను, అమ్మినాయన పేరూ చెప్పను. ఫోన్లో ఒకటే మాట, "ఏ గదిలోనైనా పనిచేస్తుంది సార్". డాక్టరుగారి మేడ మీద గది 12 అడుగుల పొడవు. వెనక పెట్టే ఆ రాడారు బంతికి ఆరు నుంచి ఎనిమిది అడుగులు వెనక ఉండాలి, బంతి ముందుకు ఎగరడానికి ఇంకో ఎనిమిది అడుగులు కావాలి, లేకపోతే దానికి చూడ్డానికే ఏమీ ఉండదు. ఇది పుస్తకంలో రాసే ఉంది, అయితే పుస్తకం డబ్బా లోపల ఉంది, డబ్బా విప్పితే వాపసు లేదు! సరే, మధ్య గోడ కొట్టించారు. ఆమాట విని ఆయన భార్య నా మీద కోప్పడింది, నేనేదో సలహా ఇచ్చానని. గోడ కొట్టాక ఇంకో తమాషా, బంతిని ముట్టుకోకుండానే తెర మీద నంబర్లు వస్తున్నాయి. రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాం. మూడో రోజు కరెంటు పోయి ఇన్వర్టరు మీద ఉన్నప్పుడు చక్కగా పనిచేసింది. అప్పుడు వెలిగింది, ఇన్వర్టరుకు ఫ్యాన్ కనెక్షన్ లేదు. రాడారుకు కదిలేదంతా ఒకటే, బంతీ కదులుతుంది, ఫ్యాన్ రెక్కా కదులుతుంది. పాత ట్యూబులైట్లు కూడా దాన్ని తికమక పెడతాయి. అమ్మినాయనకు ఫోన్ చేస్తే "ఏసీ పెట్టించుకోండి సార్" అన్నాడు.

ఇక్కడ నాకు మా నాయన గుర్తొస్తాడు. రెండు నిమిషాలు ఓపిక పట్టండి.

నేను పదో తరగతిలో ఉన్నప్పుడు, ఇందుకూరుపేట వైపు మాకు మూడెకరాలు. మన దగ్గర పుట్టి అంటే 850 కిలోలు, పెద్దలకు తెలుసు, పిల్లల కోసం చెప్తున్నా. ట్రాక్టరులో వడ్లు మిల్లుకు తోలారు, బస్తాల మీద కూర్చుని నేనూ పోయాను. గుమాస్తా పై బస్తాలోంచి గుప్పెడు వడ్లు తీసి తేమ మిషన్లో పోసి, మిషన్ని తన వైపు తిప్పుకుని చూసి "21" అన్నాడు. 17 దాకా ఒప్పుకుంటారు, దాటితే తరుగు. పుట్టికి ఇన్ని కిలోలని కోసేశారు. మా నాయన గొడవ పడలేదు, "అయ్యా, ఆ నంబరు నాకొకసారి చూపించరాదా" అని మాత్రం అడిగాడు. "చూస్తే నీకర్థమవుద్దా" అన్నాడు గుమాస్తా. వచ్చేటప్పుడు దారిలో ఒక టీ కొట్టు దగ్గర ట్రాక్టరు ఆపించి నాకు బన్ను కొనిచ్చాడు, తను టీ కూడా తాగలేదు. ఆ బన్ను రుచి నాకిప్పటికీ పడదు. అంతకుముందు రాత్రి మంచు కురిసింది, పై బస్తా తడిసింది, అంతే. కింద బస్తాలోంచి తీసి ఉంటే నంబరు వేరేగా వచ్చేది. మిషన్ అబద్ధం చెప్పిందని నేను అనడం లేదయ్యా. అది చూసింది గుప్పెడు, లెక్కగట్టింది ట్రాక్టరుకు. ఏది చూశావు, ఏది లెక్కగట్టావు అని అడిగితే వాడికి కోపమెందుకు రావాలి? నేను కాటాల పనిలో పడిందే ఆ రోజు వల్ల.

ఎక్కడున్నాం? ఆఁ, పెట్టె దగ్గర.

గోడ కొట్టించాక డాక్టరుగారి ఆట ఒక్కసారిగా బాగుపడింది. బయట ఆయన బంతి ఎప్పుడూ కుడివైపు అరటిపండులా వంగిపోతుంది, ఇంట్లో తెర మీద మాత్రం గీత గీసినట్టు పోతోంది. ఆయన సంతోషం మీరు చూడాల్సింది. నాకు అనుమానమొచ్చి ఇరవై బంతుల లెక్క కాగితం మీద రాశాను. వేగం మారుతోంది, కోణం మారుతోంది, బంతిని వంచే స్పిన్, అంటే చుట్లు మాత్రం దాదాపు ఒకటే. మనిషి కొట్టిన ఇరవై దెబ్బలకూ చుట్లు ఒకేలా ఎట్లా ఉంటాయి? అంటే అది చూడ్డం లేదు. ఎనిమిది అడుగుల్లో వల తగిలేలోపు చుట్లు దానికి అందడం లేదు, వేగాన్నీ కోణాన్నీ బట్టి ఇంతుండొచ్చని వేస్తోంది. పుస్తకంలో వెతికితే చిన్నక్షరాల్లో ఉంది, లెక్కగట్టినది అని. అందుకే కొన్ని పెట్టెలకు బంతి మీద లోహపు చుక్క అంటించమంటారు, రాప్సోడోకైతే గుర్తులు అచ్చేసిన బంతి వాడాలి.

అయినా కాటాను కాటాతోనే కదా సరిచూడాలి. ఒక ఆదివారం తెల్లారి ఆరింటికి పెట్టె తీసుకుని పెన్నలోకి దిగాం. తడి ఇసుకలో బంతి పడితే దొర్లదు, అక్కడే గుంట చేసుకుని కూర్చుంటుంది, గాల్లో ఎంత దూరం పోయిందో ఆ గుంటే సాక్షి. డాక్టరుగారు 7 ఐరన్ అనే కర్రతో కొట్టడం, నేనూ మా కుర్రాడూ 50 మీటర్ల టేపు మూడుసార్లు మార్చి మార్చి లాగడం. మిషన్ గజాల్లో చెప్తుంది, టేపు మీటర్లలో, గజానికి 0.9144 మీటరని ఫోన్లో కొట్టుకుంటూ. బర్రెలు తోలుకొచ్చినాయన అరగంట నిలబడి చూసి "ఏం కొలుస్తున్నారు సామీ, ప్లాట్లు వేస్తున్నారా" అన్నాడు. బయట రాడారుకు బంతి చాలాసేపు కనిపిస్తుంది కదా, అందుకని నాలుగైదు గజాల తేడాలో కరెక్టుగానే చెప్పింది. వంకర కూడా చూపించింది. డాక్టరుగారి మొహం చిన్నబోయింది. అదే పెట్టె, అదే మనిషి, అదే కర్ర!

కాబట్టి తమ్ముళ్లూ, డల్లాస్ నుంచి సెలవుకొచ్చి నాయనకు కొనిద్దామని చూస్తున్న బాబులూ, ముందు గది కొలవండి. పొడవు 16 అడుగుల పైన ఉంటే రాడారు ఆలోచించండి, లేకపోతే పక్కన పెట్టే కెమెరాదే దిక్కు. దాని మీద నేరుగా ఎండ పడనీయకండి. పైకప్పు తొమ్మిది పదడుగులు లేకపోతే పొడవు కర్ర ఎత్తగానే ముందు ఫ్యానే పోతుంది. ఆడే సాఫ్ట్‌వేరుకు ఏటా చందా ఉందేమో అడగండి, పెట్టె చవకని కొని చందాకు కట్టుకుంటూ కూర్చున్నవాళ్లు నాకు తెలుసు. వల విషయంలో కక్కుర్తి పడొద్దు, మేం జువ్వలదిన్నె నుంచి చేపల వల తెచ్చి కట్టాం, వారానికే చిరిగి బంతి కిటికీ అద్దంలోంచి పక్కింటి వాటర్ ట్యాంకుకు తగిలింది. అమ్మేవాణ్ని మాత్రం ఒకటే అడగండి, నా గదిలో ఇది స్పిన్ చూస్తుందా, లెక్కగడుతుందా. మాట దాటేస్తే ఫోన్ పెట్టేయండి.

ఇప్పుడు డాక్టరుగారు కొడతారు. వెనకది పాత రాడారు పెట్టె, పక్కది కొత్త కెమెరాది, ఒకే దెబ్బకు రెండూ ఏం చెప్తాయో రెండు తెరల మీదా మీరే చూడండి. అమ్మా, పిల్లల్ని కొంచెం వెనక్కి లాక్కోండి, చాప మీదికి రానీయొద్దు. పది బంతులు కొట్టాక పాతదాన్ని కట్టేసి ఫ్యాన్లు వేయిస్తాను. ఆ వైపు స్విచ్చి దగ్గర నిలబడిన బాబూ, చెయ్యి తియ్యి, ఇంకా వేయొద్దు.