ఎనిమిది కోట్ల మాట: ఎంపీ ఎన్నికకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

(స్టూడియో చర్చ పాఠం. పాల్గొన్నవారు: మహారాష్ట్ర రాజకీయాలను చాలా ఏళ్లు దగ్గర నుంచి చూసిన ఒక సీనియర్ జర్నలిస్టు, ఆదాయపు పన్ను శాఖలో పనిచేసి, ఎన్నికల వ్యయ పరిశీలకురాలిగా నాలుగుసార్లు డ్యూటీ చేసి రిటైరైన ఒక అధికారిణి, ఒకసారి లోక్‌సభకు పోటీ చేసి ఓడిపోయిన ఒక మాజీ అభ్యర్థి.)

యాంకర్: అందరికీ నమస్కారం. 2013 జూన్‌లో ముంబైలో ఒక సభ జరిగింది. మైకు ముందు బీడ్ ఎంపీ, అప్పటికి లోక్‌సభలో బీజేపీ ఉపనాయకుడు గోపీనాథ్ ముండే. 2009లో తన ఎన్నికకు 8 కోట్లు ఖర్చయిందని అందరి ముందూ ఆయనే చెప్పేశారు. 2009లో పెద్ద రాష్ట్రాల్లో లోక్‌సభ అభ్యర్థి ఖర్చు పరిమితి 25 లక్షలు. ఆయన లెక్కల్లో రాసిచ్చింది 19 లక్షల చిల్లర. సార్, ముందు మీరు చెప్పండి. ముండే అనగానే మనలో చాలామందికి 2014 నాటి ఢిల్లీ రోడ్డు ప్రమాదమే గుర్తుకొస్తుంది. అంతకు ముందు ఆయన కథేంటి?

జర్నలిస్టు: బీడ్ మనకు పరాయి ఊరేం కాదండీ. 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఒక జిల్లా అది. మరాఠ్వాడా, కరువు నేల. పండగలు అయిపోగానే ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేసి పిల్లా జెల్లాతో చెరకు నరకడానికి వలస పోతారు. అలాంటి చోట పర్లీ దగ్గర నాథ్రా అనే పల్లెలో 1949లో పుట్టారు ముండే. మామూలు రైతు కుటుంబం. ఏబీవీపీలో తిరిగారు, తర్వాత బీజేపీలో పెద్ద నాయకుడైన ప్రమోద్ మహాజన్‌తో స్నేహం అక్కడే కుదిరింది, ఎమర్జెన్సీలో జైలుకెళ్లారు. 1980లో రేణాపూర్ నుంచి ఎమ్మెల్యే అయ్యారు, 85లో ఓడిపోయారు, 90లో మళ్లీ గెలిచారు. 1995లో శివసేన-బీజేపీ ప్రభుత్వం వచ్చినప్పుడు ఉప ముఖ్యమంత్రి, హోం శాఖ కూడా ఆయనదే.

యాంకర్: అంటే కింది నుంచి వచ్చిన మనిషి.

జర్నలిస్టు: అదే నేను చెప్పాలనుకుంటున్నది. తాత ముత్తాతల ఆస్తితో రాజకీయాల్లోకి వచ్చినాయన కాదు. తన కులమైన వంజారీలను, చెరకు కూలీలను పార్టీ వైపు తిప్పిన నాయకుడు. 1980లో ఆయన తొలిసారి గెలిచినప్పుడు ఎన్నిక అంటే వేలల్లో తేలే ఖర్చు. అదే మనిషి, అదే జిల్లా. ముప్పై ఏళ్లలో కోట్లకు చేరింది. ఆ సభలో ఆయన గొప్పలు చెప్పుకోలేదు. ఇలా అయితే ఎవరు పోటీ చేయగలరు, ఎన్నికల ఖర్చు ప్రభుత్వమే భరించాలి అని వాదిస్తూ తన ఉదాహరణే ఇచ్చారు.

యాంకర్: తర్వాత ఏమైంది?

జర్నలిస్టు: ఎన్నికల సంఘం వెంటనే నోటీసిచ్చింది. సంస్కరణల అవసరం చెప్పడానికి అన్న మాటే తప్ప అది తన సొంత ఖర్చు లెక్క కాదని ఆయన జవాబిచ్చారు. వేటేమీ పడలేదు. 2014లో మళ్లీ బీడ్ నుంచే గెలిచి, కేంద్రంలో గ్రామీణాభివృద్ధి మంత్రి అయ్యారు. ప్రమాణం చేసిన వారం రోజులకే పోయారు, జూన్ 3న.

మాజీ అభ్యర్థి: ఒక్క మాట. మన దగ్గర కోడెల శివప్రసాదరావుగారి సంగతి కూడా చెప్పాలి. స్పీకర్‌గా ఉండగా 2016లో ఒక టీవీ ఇంటర్వ్యూలో, 1983లో తనకు 30 వేలు ఖర్చయితే 2014లో 11.5 కోట్లు అయిందన్నారు. అసెంబ్లీకి అప్పటి పరిమితి 28 లక్షలు. దాని మీద కేసు కూడా పడింది. నిజం ఒప్పుకున్నవాళ్ల మీదే కేసులు. నోరు విప్పనివాళ్లు హాయిగా ఉన్నారు. ఇది నాకు చాలా బాధగా ఉంటుంది.

యాంకర్: మేడమ్, నాలుగేళ్ల తర్వాత ఒప్పుకుంటే చట్టం ఏమీ చేయలేదా?

అధికారిణి: ఇక్కడ తేదీలు చూడాలమ్మా. ఫలితం వచ్చిన 30 రోజుల్లోపు అభ్యర్థి తన ఖర్చు లెక్క జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వాలి. పరిమితి దాటడం ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం అవినీతి చర్యే. కానీ అది తేల్చాలంటే హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేయాలి. దానికి గడువు 45 రోజులు. లెక్క 30వ రోజున ఇస్తే, అది తిరగేసి, ఆధారాలు పోగేసి, లాయర్‌ను పెట్టుకుని కోర్టుకెళ్లడానికి మిగిలేది 15 రోజులు. ఆ తర్వాత ఎన్నికల సంఘం చేతిలో ఉన్నది సెక్షన్ 10ఎ ఒక్కటే. లెక్క సరిగ్గా ఇవ్వలేదని తేలితే మూడేళ్ల అనర్హత.

యాంకర్: ఆ 10ఎ ఎవరి మీదైనా వాడారా?

అధికారిణి: వాడారు. ఉత్తరప్రదేశ్‌లో బిసౌలీ ఎమ్మెల్యేను పెయిడ్ న్యూస్ ఖర్చు, అంటే డబ్బిచ్చి వార్తలా వేయించుకున్న ప్రచారం ఖర్చు, చూపించలేదని 2011లో అనర్హురాలిని చేశారు. మహారాష్ట్రలో అశోక్ చవాన్ కేసు సార్‌కి బాగా తెలుసు.

జర్నలిస్టు: 2009 అసెంబ్లీ ఎన్నికలు. చవాన్ అప్పుడు ముఖ్యమంత్రి. పత్రికల్లో ఆయన మీద పేజీలకు పేజీలు వచ్చాయి. ఒకదానితో ఒకటి పోటీ పడే పత్రికల్లో ఒకే వార్త, అక్షరం మారకుండా. వాటిని పక్కపక్కన పెట్టి బయటపెట్టింది మన వి.వి.గిరిగారి మనవడు, జర్నలిస్టు పి.సాయినాథ్. పత్రికా ప్రకటనలకు చవాన్ చూపించిన ఖర్చు 5,379 రూపాయలు. లెక్కల్లో నిజానిజాలు చూసే అధికారం ఎన్నికల సంఘానికి ఉందని 2014 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. జూలైలో సంఘం చవాన్‌కు వ్యతిరేకంగా తేల్చింది. సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఐదేళ్లు పట్టింది ఇదంతా.

యాంకర్: మేడమ్, ఫీల్డులో మీకు ఎలా ఉండేది? ఒక అభ్యర్థి లెక్క మీ ముందుకు వస్తే ఏం చూస్తారు?

అధికారిణి: అభ్యర్థికి ఒక రిజిస్టరు ఇస్తాం. మూడు భాగాలు. రోజువారీ ఖర్చుకు తెల్ల కాగితాలు, నగదుకు గులాబీ రంగు, బ్యాంకు లావాదేవీలకు పసుపు. నామినేషన్‌కు ముందే విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి. పదివేలు దాటిన చెల్లింపు చేతికి ఇవ్వకూడదు. ప్రచారంలో కనీసం మూడుసార్లు ఆ రిజిస్టరు మా దగ్గరికి రావాలి. మా దగ్గర మా షాడో రిజిస్టరు ఉంటుంది. వీడియో టీములు తీసిన ఫుటేజ్ చూసి కుర్చీకి ఇంత, టీకి ఇంత, ప్లేటు భోజనానికి ఇంత అని జిల్లాలో ఖాయం చేసిన రేట్లతో మేం రాస్తాం. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తాం.

యాంకర్: కలుస్తాయా?

అధికారిణి: ఒక సంగతి చెప్తాను, పేర్లు వద్దు. ఒక మండలంలో రాత్రి పెద్ద విందు జరుగుతోందని ఫోన్ వచ్చింది. టీముతో వెళ్లాను. పెళ్లి పందిరి వేసి ఉంది, మామిడాకులు, అరటి బోదెలు, సన్నాయి రికార్డు. ఇరవై గుండిగల్లో బిర్యానీ. ఇది మా బంధువుల పెళ్లి విందు అన్నారు. పెళ్లికూతురు ఎక్కడమ్మా అని అడిగాను. ఇప్పుడే పుట్టింటికి వెళ్లిందన్నారు. శుభలేఖ చూపించమంటే, అయిపోయాయి అన్నారు. బంతుల్లో కూర్చున్నవాళ్లలో ఒక్క ఆడమనిషి లేదు. వీడియో తీశాం, పంచనామా రాశాం. ఖర్చు అభ్యర్థి ఖాతాలో వేస్తే, ఆ పెద్దమనిషి అఫిడవిట్ ఇచ్చాడు, విందు నాదే, అభ్యర్థికి సంబంధం లేదని. అక్కడ ఆగిపోయింది. ఆ రోజు ఇంటికొచ్చి నిద్ర పట్టలేదు నాకు.

మాజీ అభ్యర్థి: మేడమ్ అన్నది అక్షరాలా నిజం. నా వైపు నుంచి కూడా చెప్పనివ్వండి. నేను మందు పంచలేదు, కవర్లు పంచలేదు. అయినా ఎంత అవుతుందో వినండి. మా నియోజకవర్గంలో 1,800 పైన పోలింగ్ బూత్‌లు. బూత్‌కు ఒక ఏజెంటు ఉండాలి. పొద్దున్నే ఐదింటికి వచ్చి సాయంత్రం దాకా కూర్చుంటాడు. టీ, టిఫిను, భోజనం, దారి ఖర్చు కలిపి మనిషికి 500 వేసుకోండి. ఒక్క రోజుకి 9 లక్షలు! అది లంచం కాదు కదా? కూలి మానుకుని వచ్చినవాడికి అన్నం పెట్టడం. నాకు 400 బూత్‌లలో కూడా ఏజెంట్లు లేరు. మిగతా చోట్ల నా ఓట్లు ఏమయ్యాయో నాకు తెలియదు. 25 వేల డిపాజిట్టూ పోయింది.

యాంకర్: అన్నా, ఆ డబ్బు ఎక్కడి నుంచి తెచ్చారు?

మాజీ అభ్యర్థి: ఫ్రెండ్సు ఇచ్చారు, మా బావగారు ఇచ్చారు, మా ఆవిడ నగలు బ్యాంకులో పెట్టాను. ఇద్దరు ముగ్గురు కాంట్రాక్టర్లు కూడా వచ్చారు. గెలిస్తే చూసుకుందాం అన్నారు. ఆ మాట వినగానే నాకు టెన్షన్ వచ్చేసింది. వద్దన్నాను.

జర్నలిస్టు: ఆయన వద్దన్నారు. గెలిచే అవకాశం ఉన్నవాడు వద్దనగలడా? అసలు కిటుకు ఎక్కడుందో చెప్తాను. పరిమితి అభ్యర్థికే, పార్టీకి లేదు. 1974లో కన్వర్‌లాల్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు, పార్టీ పెట్టే ఖర్చు కూడా అభ్యర్థి ఖాతాలోకే వస్తుందని చెప్పింది. ఆ తీర్పు వచ్చింది అక్టోబరు మొదట్లో. అదే నెలలో ఆర్డినెన్సు తెచ్చి దాన్ని పనికిరాకుండా చేశారు. అప్పటి నుంచి ఎన్ని ప్రభుత్వాలు మారినా, పార్టీ ఖర్చుకు పరిమితి పెట్టినవాళ్లు లేరు. ఈ ఒక్క విషయంలో అన్ని పార్టీలదీ ఒకే మాట.

అధికారిణి: స్టార్ క్యాంపెయినర్లు, అంటే పార్టీ తరఫున ఊరూరా ప్రచారానికి తిరిగే పెద్ద నాయకులు, వాళ్ల సంగతీ అంతే. గుర్తింపు పొందిన పార్టీకి 40 మంది. వాళ్ల ప్రయాణ ఖర్చు అభ్యర్థికి రాదు. హెలికాప్టర్ దిగి అభ్యర్థితో ఒకే వేదిక ఎక్కితే మాత్రం సభ ఖర్చులో వాటా వేస్తాం. అందుకే కొన్నిచోట్ల అభ్యర్థి స్టేజీ ఎక్కకుండా కింద నిలబడతాడు.

యాంకర్: పార్టీకి డబ్బు ఎలా వస్తుందో ఎలక్టోరల్ బాండ్ల తీర్పుతో కొంత బయటపడింది కదా. ఇచ్చినవాళ్ల పేరు బయటికి రాకుండా బ్యాంకులో కొని పార్టీలకు ఇచ్చిన బాండ్లు అవి.

జర్నలిస్టు: 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టులో ఐదుగురు జడ్జిల ధర్మాసనం ఆ పథకాన్ని కొట్టేసింది. బయటికొచ్చిన పేర్లలో హైదరాబాద్ కంపెనీ మేఘా ఇంజినీరింగ్ 966 కోట్లతో రెండో స్థానంలో ఉంది. పుచ్చుకున్నవాళ్లలో బీజేపీ అందరికన్నా ముందుంది. మన ప్రాంతీయ పార్టీలూ తక్కువ తినలేదు. బీఆర్‌ఎస్‌కు 1,200 కోట్ల పైన, వైసీపీకి 337 కోట్లు, టీడీపీకి 219 కోట్లు. ఇవి బ్యాంకు ద్వారా వచ్చినవే. నగదు సంగతి వేరు. 2019లో వేలూరులో నోట్ల కట్టలు దొరికితే లోక్‌సభ ఎన్నికనే రద్దు చేయాల్సి వచ్చింది.

యాంకర్: జహీరాబాద్ నుంచి ఒక ప్రేక్షకుడు లైన్లో ఉన్నారు. చెప్పండి.

ప్రేక్షకుడు: నమస్తే మేడమ్. ఇప్పుడు పరిమితి 95 లక్షలు అంటున్నరు కదా. ఒక ఎంపీ సీటుకు అది సరిపోతదా? సరిపోనప్పుడు పెంచితే అయిపోతది కదా, అబద్ధాలెందుకు?

అధికారిణి: మంచి ప్రశ్న. 2024లో మల్కాజిగిరిలో 37 లక్షల పైన ఓటర్లున్నారు. 95 లక్షలంటే ఓటరుకు రెండున్నర రూపాయలు. ఒక్కో ఓటరుకు ఒక్కో ఉత్తరం పంపినా చాలదు. కానీ పెంచితే నిజం చెప్తారా? 2009లో 25 లక్షలు, 2014లో 70, 2022 నుంచి 95. పరిమితి పెరిగిన ప్రతిసారీ నా ముందుకొచ్చిన లెక్కలు పరిమితికి కిందే ఆగాయి. అసలు ఖర్చు దాని దారిన అది పెరిగింది.

మాజీ అభ్యర్థి: అందుకే ప్రభుత్వమే ఇవ్వాలి అంటాను.

జర్నలిస్టు: దానికీ ఒక కమిటీ ఉంది. 1998లో ఇంద్రజిత్ గుప్తా అధ్యక్షతన వేశారు. పదకొండుసార్లు లోక్‌సభకు గెలిచిన కమ్యూనిస్టు ఆయన. కేంద్ర హోం మంత్రి అయ్యాక కూడా బంగ్లా వద్దని ఢిల్లీలో ఎంపీలుండే వెస్టర్న్ కోర్టు హాస్టల్లో తన గదుల్లోనే ఉన్నారు. ఆ కమిటీలో మన్మోహన్ సింగ్, సోమ్‌నాథ్ ఛటర్జీ ఉన్నారు. నగదు వద్దు, వస్తువుల రూపంలో ఇవ్వండి అన్నారు: పెట్రోలు, కాగితం, ఓటర్ల జాబితా కాపీలు, మైకులు, రేడియో, టీవీల్లో సమయం. కేంద్రం 600 కోట్లు, రాష్ట్రాలన్నీ కలిసి మరో 600 కోట్లు పెట్టి ఒక నిధి. ఆ నివేదిక ఇంకా అటకెక్కే ఉంది.

అధికారిణి: నేను ఒప్పుకోను సార్. గుప్తాగారి మీద నాకు గౌరవం ఉంది. కానీ ప్రభుత్వం ఇచ్చే పెట్రోలుతో వీళ్లు తమ డబ్బు మానేయరు. అది పైన అదనం అవుతుంది. ముందు పార్టీ ఖర్చుకు పరిమితి పెట్టాలి.

మాజీ అభ్యర్థి: మేడమ్, పరిమితి పెడితే డబ్బున్నవాడు ఆగుతాడేమో. డబ్బులేనివాడు ఎలా మొదలుపెట్టాలి? ఆ కమిటీ కూడా గుర్తింపు పొందిన పార్టీలకే ఇమ్మంది. స్వతంత్రులకు పైసా లేదు. నాలాంటివాడి గతి ఏంటి?

అధికారిణి: (కొద్దిసేపు ఆగి) దానికి నా దగ్గర జవాబు లేదు.

యాంకర్: సమయం దగ్గరపడింది. మేడమ్, మామూలు ఓటరు ఏమైనా చేయగలడా?

అధికారిణి: చేయగలడు. ఎన్నికల నిర్వహణ నియమాల్లో 88వ నియమం ఉంది. ఏ అభ్యర్థి ఖర్చు లెక్కనైనా, ఎవరైనా సరే, జిల్లా ఎన్నికల అధికారి ఆఫీసుకెళ్లి చూడొచ్చు. ఫీజు ఒక్క రూపాయి. ఆ 15 రోజులు ఉన్నాయని చెప్పాను కదా, అప్పుడే వెళ్లాలి. పసుపు కాగితాలు తీసి టెంటు హౌస్ పేరు, జీపుల పేర్లు, ప్రెస్సు పేరు చూడండి. మీ ఊళ్లో ఎన్ని జీపులు తిరిగాయో మీకు తెలుసు. నా నాలుగు డ్యూటీల్లో ఆ రూపాయి కట్టినవాళ్లు ఇద్దరు. ఇద్దరూ ఓడిన అభ్యర్థుల మనుషులే.

మాజీ అభ్యర్థి: నా లెక్క చూడ్డానికి ఒక్కరూ రాలేదమ్మా. వస్తే బాగుండేది. మా ఆవిడ నగల రశీదు కూడా అందులోనే జతచేశాను.